పందెం లేని నెలల్లో

2020 లాక్‌డౌన్‌లో మన ఊళ్లలో కార్లన్నిటికీ ఒకే జబ్బు చేసింది. మార్చి ఆఖరున తాళం వేసిన బండిని మే నెలలో తీస్తే సెల్ఫ్ తిరగలేదు. పోనీ తోసి స్టార్ట్ చేద్దామంటే చక్రం కదల్లేదు. హ్యాండ్‌బ్రేక్ వేసిన చోటే లైనింగ్ డ్రమ్ముకు అతుక్కుపోయింది. బానెట్ ఎత్తితే ఎలక పెట్టిన పీచు గూడు. నడపని బండికి, ఎవరూ గుద్దని బండికి ఇన్ని మరమ్మతులేమిటని మా వీధిలో అందరూ మెకానిక్‌ని తిట్టుకున్నారు. పాపం, అతను చేసిందేమీ లేదు. రెండు నెలలు గాలి, తేమ, ఎలకలు వాటి పని అవి చేసుకుపోయాయి.

ఈ లాక్‌డౌన్ ఏటా వచ్చే జనం కొందరున్నారు. వారమంతా ఉద్యోగం చేసుకుని, సెలవు రోజుల్లో సొంత డబ్బుతో రేసు కారు తోలేవాళ్లు. ఏడాదిలో వాళ్ల కారు గట్టిగా తిరిగేది పదిహేను, ఇరవై రోజులు. మిగతా 345 రోజులు అది ఎక్కడో ఒకచోట ఊరికే నిలబడి ఉండాలి. మా అక్క కొడుకు అలాంటివాడు. కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అపార్ట్‌మెంట్ కాపురం, ఒక పాత మాజ్డా మియాటా. ఆ మియాటాను మోసుకెళ్లడానికి ఇరవై నాలుగు అడుగుల మూత ట్రైలర్ ఒకటి. మన ట్రాక్టరు ట్రక్కుకు నాలుగు గోడలూ పైకప్పూ వేసి తలుపు పెడితే ఎలా ఉంటుందో అలాంటిది.

వాడి కారు ఇంటి దగ్గర ఉండదు, ట్రాక్ దగ్గరే ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కోకు ఉత్తరంగా సుమారు 150 మైళ్ల దూరంలో, శాక్రమెంటో లోయలోని విల్లోస్ అనే చిన్న ఊరి పక్క గుట్టల్లో థండర్‌హిల్ రేస్‌వే పార్క్ ఉంది. 1993లో మొదలైంది. అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్బు వారి శాన్‌ఫ్రాన్సిస్కో విభాగానిది. మూడు మైళ్ల ట్రాక్ ఒకటి, రెండు మైళ్లది ఇంకొకటి, రెండూ కలిపితే ఐదు మైళ్లు. ఇరవై ఐదు గంటల పాటు ఏకబిగిన సాగే రేసుకు అది పేరుపడ్డ చోటు. అమెరికాలో ఇలాంటి ట్రాక్‌ల దగ్గర రేసులు లేని రోజుల్లో బళ్లూ ట్రైలర్లూ వదిలి వెళ్లడానికి స్థలం అద్దెకు తీసుకోవడం మామూలే. ఎందుకంటే ట్రైలర్ పెట్టుకోవడానికి నగరంలో చోటు దొరకదు, చాలా కాలనీలు వీధిలో ఉంచనివ్వవు. పైగా కాలిఫోర్నియాలో వెనక బండి లాగే ఏ వాహనమైనా గంటకు 55 మైళ్లు దాటకూడదని చట్టం. అంటే పోనూ రానూ చెరో మూడు గంటలకు పైగా నత్తనడక. దానికన్నా కారును అక్కడే వదిలేసి చేతులూపుకుంటూ రావడం మేలనిపిస్తుంది.

"హాయిగా ఉంది కదరా" అన్నాను ఒకసారి ఫోన్‌లో.

"హాయి దేనికి మావయ్యా! రేసులో పాడయినవి బాగు చేసుకోవడం కన్నా ఊరికే ఉండి పాడయినవి బాగు చేసుకోవడానికే ఎక్కువవుతోంది" అన్నాడు.

వాడి మాట పట్టుకుని ఆలోచిస్తే ఒక చిత్రమైన సంగతి కనిపిస్తుంది. మామూలు కారును రేసు కారుగా మార్చేటప్పుడు బరువు తగ్గించడానికి అడుగున పూసిన తారు పూత గీకేస్తారు. కార్పెట్లు, రబ్బరు అంచులు, అద్దాలు పీకేస్తారు. రేడియేటర్‌లోని కూలెంట్ తీసేస్తారు. గట్టి టైర్ల స్థానంలో మెత్తటివి, చవక బ్రేక్ ఆయిల్ స్థానంలో ఎక్కువ వేడికి ఆగేది పోస్తారు. ఇలా తీసేసిన వాటిలో సగానికి పైగా బండి నిలబడి ఉన్నప్పుడు దాన్ని కాపాడేవే. తెచ్చిపెట్టుకున్నవాటిలో చాలావరకు నిలబడితే తొందరగా చెడేవే. వేగం కోసం చేసిన ప్రతి పనికీ బాకీ ఆగినప్పుడు కట్టాల్సి వస్తుంది.

ఆ బాకీ వసూలుకు మొదట వచ్చేది నీరు. వానలో తడవడం సంగతి కాదు. మూసిన పెట్టెలో, పైకప్పు కింద, చుక్క వాన పడకుండా కూడా కారు తడుస్తుంది.

ఒక ఘనమీటరు గాలి 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర దాదాపు 30 గ్రాముల నీటి ఆవిరిని మోయగలదు. 20 డిగ్రీల దగ్గర 17 గ్రాములే. 10 డిగ్రీలకు దిగితే 9 గ్రాముల పైచిలుకు. గాలి చల్లబడేకొద్దీ దాని సంచి చిన్నదవుతుంది, పట్టనిది కింద పోస్తుంది. మా వాడి ట్రైలర్ లోపలి ఘనపరిమాణం సుమారు 40 ఘనమీటర్లు. పగలు 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉంటే అందులో ఆవిరి రూపంలో దాదాపు ఒక కిలో నీరుంటుంది. రాత్రి 20 డిగ్రీలకు దిగిందా, అందులో పావు కిలోకు పైగా బయటికి రావాల్సిందే. ఎక్కడికి వస్తుంది? అన్నిటికన్నా చల్లగా ఉన్న చోటికి. ట్రైలర్ పైకప్పు పల్చటి అల్యూమినియం రేకు. మబ్బు లేని రాత్రి ఆ రేకు తన వేడిని ఆకాశంలోకి వదిలేసుకుంటూ చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడిపోతుంది. రేకుల షెడ్డులో తెల్లవారుజామున నిద్రలేచినవాళ్లకు ముఖం మీద పడే చుక్క తెలిసే ఉంటుంది. అదే చుక్క రేసు కారు ఇంజన్ మీద పడుతుంది.

ఉదయం ఇంకో రకం దాడి. ఎండెక్కేసరికి గాలి తొందరగా వేడెక్కుతుంది, అందులో ఆవిరి కూడా పెరుగుతుంది. కానీ రాత్రంతా చల్లబడిన ఇనప ముద్ద, అంటే ఇంజన్, గేర్‌బాక్స్, బ్రేక్ డిస్కులు, అంత తొందరగా వేడెక్కవు. తేమగాలి వాటికి తగలగానే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా మీద పట్టినట్టు చెమట పడుతుంది. తుషార స్థానం అని బడిలో చదువుకుని మరిచిపోయిన మాట ఇదే. ఇనుము తుప్పు పట్టడానికి చుక్కలుగా కనిపించే నీరు కూడా అక్కర్లేదు. గాలిలో తేమ సుమారు 60 శాతం దాటితే కంటికి కనబడని నీటిపొర లోహం మీద ఏర్పడి తుప్పు వేగం ఒక్కసారిగా పెరుగుతుంది.

శాక్రమెంటో లోయ వేసవిలో పెనం లాంటిది. 40 డిగ్రీలు దాటే ఎండ, పొడిగాలి. తుప్పుకు అవి మంచి రోజులు కావు. కథంతా నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా. అక్కడ వాన పడి ఆకాశం తేటపడిన రాత్రుల్లో తడి నేల మీద దట్టమైన పొగమంచు పుడుతుంది. దాన్ని టూలీ ఫాగ్ అంటారు. టూలీ అనేది ఆ చిత్తడి నేలల్లో పెరిగే తుంగ జాతి మొక్క పేరు. ఒక్కోసారి రోజుల తరబడి లోయలోంచి కదలదు. పైగా విల్లోస్ చుట్టూ ఉన్నవి వరి పొలాలు. అవును, మన కోనసీమలో లాగా వరి పొలాలే, కాకపోతే విత్తనాలు విమానంలోంచి చల్లుతారు. పూర్వం కోత అయ్యాక గడ్డి తగలబెట్టేవారు. 1991లో దాన్ని తగ్గించాలని చట్టం వచ్చాక చాలామంది చలికాలమంతా పొలాల్లో నీరు నిలబెట్టి గడ్డిని కుళ్లనిస్తున్నారు. ఆ నీటికోసం బాతులూ పెద్దబాతులూ లక్షల్లో దిగుతాయి. పక్షులకు పండగే కానీ, గుట్ట మీది ట్రైలర్లో పడుకున్న కారుకు చుట్టూ చెరువే.

మనకు దగ్గరి ట్రాక్ చెన్నైకి 40 కిలోమీటర్ల దూరంలోని ఇరుంగాట్టుకోట్టైలో ఉంది. 1990లో తెరిచిన 3.7 కిలోమీటర్ల ట్రాక్ అది. అక్కడ పొద్దుటి పూట గాలి తేమ మామూలుగా ఏ నెలలోనూ ఆ 60 గీత కిందికి దిగదు. కాలిఫోర్నియా వాడికి నాలుగు నెలల బాధ, తమిళనాడు వాడికి పన్నెండు నెలలూను.

అయితే ఏం చేయాలి? చెప్పుల పెట్టెలో వచ్చే సిలికా జెల్ పొట్లాలు పెట్టేవాళ్లున్నారు. అది తన బరువులో మూడో వంతు నీటిని పీల్చుకుంటుంది, నిజమే. కానీ మూత ట్రైలర్ పేరుకే మూత. తలుపు సందుల్లోంచి రోజూ కొత్త గాలి వస్తూనే ఉంటుంది. ఆ లెక్కన బస్తాల కొద్దీ కావాలి. కాల్షియం క్లోరైడ్ బకెట్లు ఎక్కువ నీరు లాగుతాయి, కానీ పీల్చిన నీరు గాఢమైన ఉప్పు ద్రావణంగా మారుతుంది. ఆ బకెట్ ఒరిగిందంటే అసలు తేమే నయం అనిపిస్తుంది. పైకప్పులో ఎదురెదురుగా రెండు గాలి కిటికీలు పెట్టి లోపలా బయటా ఒకే వేడి ఉండేలా చూడటం, కారును నేల చెమ్మ తగలకుండా మందపాటి ప్లాస్టిక్ పట్టా మీద ఉంచడం మెరుగు. నా ఉద్దేశంలో అన్నిటికన్నా చెడ్డ పని, ప్రేమ కొద్దీ టార్పాలిన్ బిగించి కప్పడం. నేలలోంచి లేచే ఆవిరి దాని కింద చిక్కుకుని కారును ఇడ్లీ పాత్రలో పెట్టినట్టు చేస్తుంది.

బ్రేక్ డిస్కులు పోత ఇనుముతో చేసినవి. వాటికి రంగూ నూనే పూయకూడదు కాబట్టి ఒక్క రాత్రి మంచుకే నారింజ రంగు తిరుగుతాయి. పల్చటి ఆ తుప్పు మొదటి ల్యాప్‌లో ప్యాడ్లు గీకేస్తాయి, దానికి కంగారు పడక్కర్లేదు. కానీ ప్యాడ్ డిస్కును కరిచిపట్టి ఉన్న చోట రెంటి మధ్యా తేమ నిలిచి గుంటలుగా తినేస్తుంది. అందుకే ట్రాక్ దగ్గర హ్యాండ్‌బ్రేక్ వేసి వెళ్లినవాణ్ని చూసి అనుభవజ్ఞులు నవ్వుతారు. చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టి బ్రేక్ వదిలేయాలి. లారీ డ్రైవర్ రాయి పెట్టే పద్ధతే.

ఇంజన్ దగ్గర నాకూ మా వాడికీ ఒక పెద్ద తగువు. "నెలకోసారి ఎవరినైనా పంపి ఐదు నిమిషాలు ఇంజన్ ఆడించమనొచ్చు కదరా" అన్నాను. మన ఇళ్లలో పెద్దలందరూ ఇచ్చే సలహా ఇది. నేనూ స్కూటర్ విషయంలో ఏళ్ల తరబడి పాటించాను. వాడు ఒప్పుకోలేదు. లెక్క వేసుకుంటే వాడిదే నిజం. పెట్రోలులో కార్బన్‌తో పాటు హైడ్రోజన్ ఉంటుంది. మండినప్పుడు అది ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. ఇంజన్ వేడిగా ఉంటే అది ఆవిరిగా గొట్టంలోంచి పోతుంది. ఐదు నిమిషాలు ఆడించి ఆపితే ఇంజనూ సైలెన్సరూ ఇంకా చల్లగానే ఉంటాయి, ఆ నీరు లోపలే చుక్కలై నిలుస్తుంది. కొంత పిస్టన్ రింగుల సందుల్లోంచి జారి ఇంజన్ ఆయిల్‌లో కలుస్తుంది. తుప్పు పట్టకుండా చేద్దామని పోయి లోపలికి నీళ్లు పోసినట్టవుతుంది. ఆడిస్తే ఆయిల్ బాగా కాగేదాకా, అరగంట రోడ్డు మీద తిప్పాలి. లేదంటే అసలు ముట్టుకోకూడదు. రేసు కారుకు రోడ్డెక్కే హక్కు ఉండదు కాబట్టి రెండోదే మిగిలింది. ఆపే ముందు సిలిండర్లలోకి కాస్త నూనె తుంపర కొట్టి, గాలి లోపలికి పోయే గొట్టాన్నీ సైలెన్సర్ మూతినీ గుడ్డతో మూసేస్తే చాలు. అదెందుకంటే, ఇంజన్ ఏ భంగిమలో ఆగినా ఏదో ఒక సిలిండర్ కవాటం తెరిచే ఉంటుంది. ఆ సిలిండర్ గోడ నాలుగు నెలలూ బయటి పొగమంచును పీలుస్తూ కూర్చుంటుంది.

కూలెంట్ సంగతి ఇంకా తమాషా. రోడ్డు కారులో ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన ద్రవం ఉంటుంది. అది గడ్డకట్టదు, తుప్పు రానివ్వదు. కానీ ట్రాక్ మీద ఒలికితే తొందరగా ఆరదు, జిడ్డుగా జారుతుంది. వెనక వచ్చేవాడు దాని మీద పడితే అంతే సంగతులు. అందుకని అనేక రేసు సంస్థలు, ముఖ్యంగా మోటార్‌సైకిల్ రేసుల్లో, గ్లైకాల్‌ను నిషేధించాయి. ఉత్త నీళ్లలో కాస్త తుప్పు మందు కలిపి పోసుకోవాలి. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది. ఇనుప ఇంజన్ గోడకైనా ఆ ఒత్తిడిని ఆపే శక్తి ఉండదు, నిలువునా చీలుతుంది. విల్లోస్‌లో చలి రాత్రి సున్నాకు కాస్త అటూ ఇటూ ఊగుతుంది. సున్నాకు పైనే ఉంటే అదృష్టం, లేకపోతే కొత్త ఇంజన్. విస్కాన్సిన్‌లోని రోడ్ అమెరికా ట్రాక్ దగ్గర ఆ సందేహం కూడా లేదు. అక్కడి చలికి నీళ్లు గడ్డకట్టడం ఖాయం. అందుకని సీజన్ చివరి రేసు అయ్యాక నీళ్లన్నీ కింది మరలు విప్పి దించేస్తారు. దించాక ఆ సంగతి గుర్తుంచుకోవడం మరో పని. దాని గురించి చివర చెబుతాను.

బ్రేక్ ఆయిల్ నీటికి నేస్తం. గ్లైకాల్ ఈథర్లతో చేసిన ఆ ద్రవం గాలిలోని తేమను రబ్బరు గొట్టాల గోడల్లోంచి కూడా మెల్లగా లాక్కుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీరు చేరాక ఆ హామీ 155కు పడిపోతుంది. రోడ్డు మీద 155 కూడా ఫరవాలేదు. ట్రాక్ మీద డిస్కులు ఎర్రగా కాలే చోట బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు వస్తే కాలు నేలకు తగులుతుంది, కారు ఆగదు. ద్రవాన్ని అణచి ఒత్తిడి పంపగలం కానీ బుడగను నొక్కితే అది నలుగుతుంది, అంతే. అందుకే చలికాలం నిలబెట్టిన కారుకు మొదటి రేసుకు ముందు పాత బ్రేక్ ఆయిల్ పారబోయడంలో ఎవరూ లోభించరు.

పెట్రోలు గురించి భయాలు ఎక్కువ, వాటిలో కొన్ని అనవసరం. అమెరికా పెట్రోలులో మామూలుగా 10 శాతం ఇథనాల్ ఉంటుంది. మన బంకుల్లో ఇప్పుడు 20 శాతం దాకా వచ్చింది. ఇథనాల్ నీటిని పట్టుకుంటుంది. 10 శాతం మిశ్రమం సుమారు అర శాతం నీటిని తనలో కలుపుకోగలదు. అంతకు మించితే నీరూ ఇథనాల్ జట్టుకట్టి విడిపోయి ట్యాంకు అడుక్కు చేరతాయి. పైన మిగిలిన పెట్రోలు ఆక్టేన్ తగ్గి నీరసపడుతుంది. ఇదంతా నిజమే కానీ 50 లీటర్ల ట్యాంకులో పావు లీటరు నీరు గాలిలోంచి చేరాలంటే మూత సరిగ్గా ఉన్నప్పుడు చాలా కాలం పడుతుంది. దానికన్నా ముందు జరిగేవి వేరే ఉన్నాయి. పెట్రోలు ఒక పదార్థం కాదు, వందల హైడ్రోకార్బన్ల కలగూరగంప. వాటిలో తేలికపాటివి ముందు ఎగిరిపోతాయి, చల్లని ఇంజన్ అంటుకోవడానికి పనికొచ్చేవి అవే. మిగిలినవాటిలో కొన్ని ఆక్సిజన్‌తో కలిసి గొలుసులు గొలుసులుగా అల్లుకుని జిగురవుతాయి. ఆ జిగురు కార్బురేటర్‌లోని వెంట్రుకంత రంధ్రాల్లో గట్టిపడుతుంది. నిండా నింపిన ట్యాంకులో గాలికి చోటు తక్కువ కాబట్టి ఈ రెండూ నెమ్మదిస్తాయి.

రేసు కార్లకు ఇంకో ఇబ్బంది. గుద్దుకున్నప్పుడు పెట్రోలు చిమ్మకుండా వాటి ట్యాంకు రబ్బరు సంచిలా ఉండి, లోపల స్పాంజి నింపి ఉంటుంది. ఆ సంచికి మోటారు రేసుల అంతర్జాతీయ సంస్థ ఇచ్చే ఆయుష్షు ఐదేళ్లు, వాడినా వాడకపోయినా. ఆల్కహాల్‌లో నానితే స్పాంజి పొడిపొడిగా రాలి ఫిల్టర్లను మూసేస్తుంది. మిథనాల్‌తో నడిచే బళ్ల వాళ్లకైతే వాయిదా వేసే వీలే లేదు. మిథనాల్ అల్యూమినియాన్నీ మెగ్నీషియాన్నీ తింటుంది. రేసయిన సాయంత్రమే దాన్ని దించేసి, కాసిని పెట్రోలు పోసి ఇంజన్ ఆడించి కడిగాకనే వాళ్లు భోజనానికి వెళతారు.

టైరు దగ్గర కాస్త ఎక్కువసేపు నిలబడదాం. నిలబడ్డ కారు బరువంతా అరచేయంత చోట్లు నాలుగింటి మీదే పడుతుంది. రబ్బరు పూర్తిగా స్ప్రింగూ కాదు, పూర్తిగా మైనమూ కాదు. కొద్దిసేపు నొక్కితే వెనక్కి వస్తుంది, నెలల తరబడి నొక్కితే ఆ ఆకారాన్ని కొంత గుర్తుపెట్టుకుంటుంది. ఆ చదును పడిన టైరుతో మళ్లీ ట్రాక్ ఎక్కితే స్టీరింగ్ తడబడుతుంది. కొన్నాళ్లదైతే వేడెక్కాక సర్దుకుంటుంది, ఒక చలికాలమంతటిదైతే సర్దుకోదు. కారును స్టాండ్ల మీదికి ఎత్తి చక్రాలను గాలిలో వదిలేయడం వల్ల ఈ గొడవ పోతుంది. దానివల్ల ఇంకో లాభం కూడా ఉంది, అది ఓజోన్ గురించి.

గాలిలో అతి తక్కువ మోతాదులో ఉండే ఓజోన్ రబ్బరు అణువుల్లోని జంట బంధాలను కత్తిరిస్తుంది. విశేషమేమిటంటే అది సాగి ఉన్న రబ్బరులోనే పగుళ్లు తెస్తుంది, ఆ పగుళ్లు లాగుడుకు అడ్డంగా వస్తాయి. బరువు మోస్తూ పక్కలు ఉబ్బిన టైరు దానికి సరైన ఆహారం. దీనికి విరుగుడుగా టైరు తయారుచేసేటప్పుడే మైనం, 6పీపీడీ అనే రసాయనం కలుపుతారు. అవి లోపలినుంచి మెల్లగా పైకి ఊరి ఓజోన్‌కు తామే బలవుతాయి. తిరిగే టైరు నలిగినప్పుడల్లా కొత్త పొర పైకి వస్తుంది. నిలబడ్డ టైరుకు ఆ నలుగుడు లేదు, పాత పొర అరిగిపోయాక కవచం పల్చబడుతుంది. (ఈ 6పీపీడీకి మరో చరిత్ర ఉంది. ఓజోన్‌తో కలిశాక అది క్వినోన్‌గా మారి, వానలో రోడ్ల మీంచి వాగుల్లోకి కొట్టుకుపోయి కోహో సాల్మన్ చేపలను చంపుతోందని అమెరికా శాస్త్రవేత్తలు 2020 చివర్లో బయటపెట్టారు. ఏళ్ల తరబడి అంతుచిక్కని చేపల చావులకు కారణం టైరు పొడి అని తేలింది.) ఎలక్ట్రిక్ మోటార్లూ వెల్డింగ్ మిషన్లూ నిప్పురవ్వల్లో ఓజోన్ పుట్టిస్తాయి కాబట్టి టైర్ల దొంతరను కంప్రెసర్ పక్కన పేర్చకూడదన్నది పాత మెకానిక్‌ల నియమం. కారణం తెలియకుండానే చాలామంది పాటిస్తారు.

ట్రైలర్ టైర్లకు గీతలు అరగవు, వయసు మీద పడుతుంది. పైకి కొత్తగా కనిపిస్తూ ఒక మండుటెండ రోజున హైవే మీద పేలిపోతాయి. టైరు పక్కన అచ్చువేసిన నాలుగు అంకెలు చూడాలి. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో పుట్టిందని. మన కార్ల టైర్ల మీదా అదే లెక్క, ఈసారి చూసుకోండి.

కారును ట్రైలర్లో కట్టేసి ప్రయాణించేటప్పుడు జరిగే ఒక వింత చెప్పాలి, నాకు ఇది చాలా ఇష్టమైన కథ. 1930ల్లో డెట్రాయిట్‌లో తయారైన కొత్త కార్లను రైలు పెట్టెల్లో దూరప్రాంతాలకు పంపేవారు. దిగాక చూస్తే ఒక్క మైలు కూడా నడవని ఆ కార్ల చక్రాల బేరింగుల్లో, గుండ్లు ఆనుకున్న చోటల్లా వరసగా చిన్న చిన్న గుంటలు. సుత్తితో కొట్టినట్టు ఉండటంతో బరువుకు లోహం నొక్కుకుందనుకున్నారు. జనరల్ మోటార్స్ పరిశోధకుడు జాన్ ఆల్మెన్ అది నొక్కుడు కాదు, అరుగుడు అని తేల్చాడు. చక్రం తిరగదు కానీ రైలు కుదుపుకు గుండు వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఆ కాస్త ఊపు గ్రీజును పక్కకు తుడిచేస్తుంది కానీ మళ్లీ లోపలికి లాక్కురాదు. ఎండిన చోట లోహం లోహాన్ని గీకి, ఆ పొడి తుప్పుగా మారి ఇంకా గీకుతుంది. గ్రీజు బిగుసుకుపోయే చలికాలంలో మరీ ఎక్కువ. ఇంటి నుంచి ట్రాక్‌కు మూడు గంటలు కట్టేసి తీసుకెళ్లే కారులోనూ కొద్ది స్థాయిలో జరిగేది అదే. కారును ట్రాక్ దగ్గరే ఉంచడానికి ఇది కూడా ఒక కారణమని మా వాడు వాదిస్తాడు గానీ, ఇవాళ్టి గ్రీజులకు అంత భయం అక్కర్లేదు. వాడికి అసలు కారణం ఆ 55 మైళ్ల వేగమే.

మరి ట్రైలర్ సంగతి? దానికి ప్రధాన శత్రువు గాలి. శాక్రమెంటో లోయలో ఉత్తరపు గాలులు గట్టివి. ఇరవై నాలుగు అడుగుల పొడవు, ఏడడుగుల ఎత్తు ఉన్న గోడ అంటే తెరచాపే. గంటకు 100 కిలోమీటర్ల గాలి అడ్డంగా కొడితే దాని మీద పడే తోపు సుమారు 880 కిలోల బరువుతో సమానం. ఖాళీ ట్రైలర్ 1,700 కిలోలు ఉంటుందనుకుని కాగితం మీద లెక్క వేస్తే గాలి 107 దగ్గర అది ఒరగడం మొదలుపెడుతుంది. లోపల మియాటా ఉంటే 136 దాకా ఆగుతుంది. కారు బరువు పడవ అడుగున వేసే బరువులా పనిచేస్తుందన్నమాట. గాలికి పక్క చూపించకుండా మూతి చూపించి నిలబెడితే ఇంత లెక్కే అవసరం లేదు. కానీ వరసల్లో గీతలు గీసి ఇచ్చిన స్థలంలో ఎటు తిరిగి నిలబడాలో మన చేతిలో ఉండదు. మూల జాకీలు దించి, నేలలో కొట్టిన మేకులకు గొలుసులు వేస్తారు.

ఆ మేకు ఏ నేలలో కొట్టామన్నదీ ముఖ్యమే. ఆ లోయ అడుగున చాలాచోట్ల ఉన్నది మన నల్లరేగడికి దాయాది. విల్లోస్ పేరుతోనే ఒక బంకమట్టి రకాన్ని అక్కడి మట్టి శాస్త్రవేత్తలు గుర్తించారు. ఎండకు బీటలు వారుతుంది, తడిస్తే ఉబ్బుతుంది, ఎండలో దిగిన మేకు వానలో వదులవుతుంది. పత్తిచేలో బండి దిగబడిన ఎవరికైనా దాని బలం తెలుసు. జాకీ కాలు కింద చిన్న ఇనప రేకు కాదు, వెడల్పాటి చెక్క వేయాలి. బరువు అదే అయినా పంచుకునే విస్తీర్ణం పెరిగితే నేల మీద ఒత్తిడి తగ్గుతుంది.

బ్యాటరీ గురించి తొందరగా ముగిస్తాను. మామూలు కారు ఆపేసినా గడియారం, అలారం, కంప్యూటర్ కలిపి 50 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే నెలకు 36 ఆంపియర్-గంటలు పోతాయి. అరవై ఆంపియర్-గంటల బ్యాటరీలో సగానికి పైగా. లాక్‌డౌన్‌లో మన కార్లకు జరిగింది ఈ లెక్కే. ఖాళీగా పడి ఉన్న సీసపు పలకల మీద సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకుని మళ్లీ ఛార్జి ఎక్కనివ్వదు. రేసు కారుకు నిబంధన ప్రకారం కరెంటు మొత్తం తెంపేసే మీట ఉంటుంది కాబట్టి ఈ ఒక్క విషయంలో అది మన కారుకన్నా అదృష్టవంతురాలు.

ఇక జీవాలు. వరి పొలాల మధ్య ఎలకల గురించి తెలుగువాళ్లకు చెప్పేదేముంది. కోత యంత్రాన్ని సీజన్ల మధ్య షెడ్డులో పెట్టిన రైతునడిగితే వైర్ల కథలు గంటసేపు చెబుతాడు. కానీ సాలీడు సంగతి వినండి. 2011లో మాజ్డా కంపెనీ 50 వేలకు పైగా మాజ్డా 6 కార్లను వెనక్కి పిలిచింది. కారణం, ఒక పసుపు సాలీడు. దానికి పెట్రోలు వాసన ఇష్టమట. ట్యాంకుకు గాలి ఆడే సన్నటి గొట్టంలో దూరి గూడు కట్టేది. గొట్టం మూసుకుపోయి ట్యాంకులో గాలి ఒత్తిడి పడిపోతే ట్యాంకు నొక్కుకుపోయి పగిలే ప్రమాదం. గొట్టంలో స్ప్రింగు పెట్టి సాలీడును ఆపామనుకున్నారు. 2014లో మరో 42 వేల కార్లను అదే సాలీడు కోసం మళ్లీ పిలవాల్సి వచ్చింది. ఇవి రోజూ తిరిగే కార్లు. నాలుగు నెలలు కదలని మియాటాలో తెరిచి ఉన్న ప్రతి గొట్టం మూతికీ మా వాడు గుడ్డ కుక్కుతాడంటే నేనిప్పుడు నవ్వను.

ఇన్ని మూసి, ఇన్ని విప్పి, నీళ్లు దించి, స్పార్క్ ప్లగ్గులు వదులు చేసి వెళ్లాక నాలుగు నెలల తర్వాత ఏది ఎలా వదిలామో ఎవరికి గుర్తుంటుంది? అందుకని ట్రాక్ జనానికి ఒక అలవాటు. తెల్లటి టేపు ముక్క మీద రాసి స్టీరింగుకు అడ్డంగా అంటిస్తారు. దాన్ని పీకకుండా కారు నడపడం కుదరదు. మా వాడు తొలి ఏడాది ఆ చీటీ తెలుగులో రాశాడు. "నీళ్లు లేవు. ప్లగ్గులు వదులు. సైలెన్సర్లో గుడ్డ ఉంది." మార్చిలో వాడికన్నా గంట ముందు చేరిన జట్టు మిత్రుడు, ఒహాయో కుర్రాడు, అదేదో దేవుడి మంత్రమనుకుని భక్తిగా దాన్ని పక్కకు జరిపి, బ్యాటరీ తగిలించి, సెల్ఫ్ కొట్టబోయాడు. మా వాడు పార్కింగ్‌లోంచే అరుచుకుంటూ పరిగెత్తాడట.

ఇప్పుడా టేపు మీద కింద ఇంగ్లీషులో కూడా రాస్తున్నాడు. పై వరస మాత్రం తెలుగులోనే ఉంది.